నమోదు వేరు, ఉద్యోగం వేరు

భారతదేశంలో ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు మొదట నిరుద్యోగులందరి కోసమూ పుట్టలేదు. 1945లో, యుద్ధం ముగిసి సైన్యం నుంచి విడుదలయ్యే సిపాయిలకు పని చూపించడానికి వాటిని నెలకొల్పారు. దేశవిభజన తర్వాత శరణార్థులకు, ఆపైన అందరికీ తలుపులు తెరిచారు. నేటి ఐటిఐలకు మూలమైన వృత్తి శిక్షణ పథకం 1950లో అదే డైరెక్టరేట్ కింద ఆరంభమైంది. పని చూపించే చేతికీ పని నేర్పే చేతికీ సంబంధం ఉండాలన్న ఆలోచన మంచిదే. 1956 నవంబరులో వీటి రోజువారీ నిర్వహణ రాష్ట్రాలకు బదిలీ అయింది.

చిక్కు 1959 నాటి చట్టంలో ఉంది. పాతికమంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలు సైతం తమ ఖాళీలను ఎక్స్ఛేంజీకి తెలపాలని అది శాసించింది. అయితే తెలిపినంత మాత్రాన అక్కడి అభ్యర్థినే తీసుకోనక్కరలేదనీ అదే చట్టం చెప్పింది. అందువల్ల ప్రైవేటు సంస్థలకు అది కాగితాల పనిగా మిగిలింది. ప్రభుత్వోద్యోగాలకు మాత్రం ఎక్స్ఛేంజీ పంపే జాబితాయే ద్వారమైంది; అందులో పేరు చేరడానికి నమోదు తేదీ, అంటే సీనియారిటీ, కీలకమైంది. పదో తరగతి పూర్తవగానే కార్డు తీసుకోవడం, గడువు దాటకుండా రెన్యువల్ చేయించుకోవడం తెలుగు మధ్యతరగతి ఇళ్ళలో ఆనవాయితీ అయింది. రెన్యువల్ మరిస్తే ఏళ్ళ సీనియారిటీ పోయేది. కార్డు చేతిలో ఉండగానే ఉద్యోగ వయోపరిమితి దాటిపోయినవారు ఎందరో! అభ్యర్థికి ఏ పని వచ్చు, ఏది నేర్పితే పని దొరుకుతుంది అన్న ప్రశ్నకు ఆ వరుసలో చోటు లేదు. ఓపీ చీటీలు రాసి, రోగిని లోపలికి పిలవని ఆసుపత్రి చీటీల సంఖ్యనే వైద్యమని చూపించుకోవడం వంటిదిది.

ఈ ద్వారం కూడా నిలవలేదు. కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంటు అప్పీలుపై 1996లో తీర్పిస్తూ సుప్రీంకోర్టు, ఎక్స్ఛేంజీ జాబితాతో సరిపెట్టక పత్రికలలోనూ ప్రకటించి, దరఖాస్తు చేసినవారందరినీ పరిశీలించాలని చెప్పింది. సమానావకాశం దృష్ట్యా న్యాయమైన మాటే. కాని గుత్తాధికారం పోయిన కార్యాలయానికి ఇక చేయవలసిన పనేమిటో ఎవరూ నిర్దేశించలేదు. నమోదు మాత్రం కొనసాగింది.

లెక్క తప్పితే ఏమవుతుందో జర్మనీ 2002లో చూసింది. అక్కడి ఉపాధి సంస్థ తాను ఇప్పించామని చెప్పుకున్న ఉద్యోగాల గణాంకాలలో పెద్ద భాగం నమ్మదగినవి కావని ఆడిట్‌లో తేలింది. అప్పుడు నియమించిన హార్ట్జ్ కమిషన్ సిఫారసుల నుంచే సంస్థ పునర్వ్యవస్థీకరణ, శిక్షణకు వోచర్ల పద్ధతి వచ్చాయి. భృతి తగ్గించిన భాగం నేటికీ వివాదాస్పదమే, అందుకు కారణాలూ ఉన్నాయి. అయినా శిక్షణ తర్వాత పని దొరికిందా అని శిక్షణాసంస్థను అడగడం మేలైన మార్పే.

భారతదేశంలో 2015లో నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ వచ్చింది. 2020 సామాజిక భద్రతా స్మృతి ఎక్స్ఛేంజీలకు కెరీర్ సెంటర్లని పేరు పెట్టింది. ఖాళీ తెలపాలి, తీసుకోనక్కరలేదు అన్న పాత నిబంధన అందులోనూ ఉంది. దాన్ని తొలగించాలనడం సమంజసం కాదు; బలవంతపు నియామకం ఎవరికీ ఉపకరించదు. తొలగించవలసింది నమోదును ఫలితంగా చూపే అలవాటును. చేరినవారెందరు అని కాక, ఆరు నెలల తర్వాత జీతం అందుకుంటున్నవారెందరు అన్నది ప్రతి కేంద్రమూ ప్రకటించాలి. దానికి కొత్త యంత్రాంగమేమీ అక్కరలేదు. 1959 చట్టం కింద సంస్థలు తమ సిబ్బంది సంఖ్యనూ ఖాళీలనూ మూడు నెలలకోసారి పంపుతూ వచ్చాయి. తెలుగు రాష్ట్రాలలో ఆ పత్రాలు చేరేదీ, ప్రభుత్వ ఐటిఐలను నడిపేదీ ఒకే శాఖ.