పసిపిల్లల పడకగదిలో విద్యుత్ హీటరు: రాత్రివేళ పాటించవలసిన జాగ్రత్తలు

ప్రత్యేక వ్యాసం

మార్గశిర మాసం ప్రవేశించేనాటికి తూర్పు కనుమలలోని మన్యం ప్రాంతం చలి గుప్పిట్లోకి వెళుతుంది. సముద్ర మట్టానికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగితో పాటు చింతపల్లి, పాడేరు, అరకులోయ పరిసరాలలో డిసెంబరు, జనవరి నెలలలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు పడిపోవడం పరిపాటి. తెలంగాణలోని ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలలోనూ ఇదే పరిస్థితి. ఒకనాడు ఈ ప్రాంతాలలో చలికి కుంపటే దిక్కు. నేడు పసిపిల్లలున్న అనేక ఇండ్లలో ఆ స్థానాన్ని చేతితో ఎత్తి ఎక్కడికైనా మార్చుకోగల విద్యుత్ హీటరు ఆక్రమించింది. అయితే హీటరు ఇంటికి చేరినంత వేగంగా దానిని వాడే పద్ధతిపై అవగాహన చేరలేదు. నిద్రపోతున్న బిడ్డ గదిలో తెల్లవార్లూ హీటరు వెలిగించి ఉంచే అలవాటు ప్రాణాపాయానికి దారితీయగలదని తల్లిదండ్రులు గుర్తించవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది.

కుంపటితో పోల్చినపుడు విద్యుత్ హీటరు ఒక విషయంలో నిస్సందేహంగా మేలైనది. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి కార్బన్ మోనాక్సైడ్ వాయువును వెలువరిస్తుంది. రంగు, వాసన లేని ఆ వాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. విద్యుత్ హీటరులో ఇంధనం మండదు గనుక ఈ ప్రమాదం లేదు. హీటరు గదిలోని ప్రాణవాయువును హరిస్తుందన్న ప్రచారంలోనూ వాస్తవం లేదు. గాలి వేడెక్కినపుడు అందులోని తేమ శాతం తగ్గి గొంతు, పెదవులు పొడిబారడం మాత్రం నిజం. ఇందుకు విరుగుడుగా కొందరు హీటరు పక్కనే నీళ్ల గిన్నె ఉంచుతారు. ఆ నీరు ఒలికి హీటరుపైనో, ప్లగ్గుపైనో పడితే విద్యుదాఘాతం సంభవించవచ్చు. కాబట్టి ఈ పద్ధతిని విధిగా మానుకోవాలి.

విద్యుత్ హీటరుతో ఉన్న అసలు ప్రమాదాలు మూడు: సమీపంలోని బట్టలకు నిప్పంటుకోవడం, వైరింగుపై అధిక భారం పడటం, పిల్లలకు కాలిన గాయాలు లేదా విద్యుదాఘాతం కలగడం. ఎర్రగా కాలే కడ్డీల హీటరు, హాలోజన్ హీటరు తమ ఎదుట ఉన్న వస్తువును నేరుగా వేడెక్కిస్తాయి. ముందున్న జాలీ సందులలో పిల్లలు చెంచానో, పుల్లనో దూర్చే అవకాశం ఉంది. ఫ్యాను హీటరు గదిని త్వరగా వేడి చేస్తుంది గాని, గాలి రంధ్రాలకు దుమ్ము, బట్ట అడ్డుపడితే లోపల వేడి పెరిగిపోతుంది. నూనె నింపిన రేడియేటరులో వేడి తీగ బయటకు కనిపించదు. గది వెచ్చబడటానికి ఎక్కువ సమయం పట్టినా, పిల్లల గదికి ఉన్నంతలో ఇదే మెరుగైనది. అయినప్పటికీ దాని రెక్కలను తాకితే చేయి కాలుతుంది. కొనుగోలు సమయంలో ఐ.ఎస్.ఐ. గుర్తును, దానితో పాటు ముద్రించిన లైసెన్సు సంఖ్యను పరిశీలించాలి. ఆ సంఖ్యను భారతీయ ప్రమాణాల సంస్థ వారి 'బి.ఐ.ఎస్. కేర్' యాప్‌లో సరిచూసుకోవచ్చు.

వైరింగు విషయానికి వస్తే, 2,000 వాట్ల హీటరు 230 వోల్టుల వద్ద సుమారు 9 ఆంపియర్ల విద్యుత్తును తీసుకుంటుంది. ఇండ్లలో సాధారణంగా ఉండే చిన్న ప్లగ్గు సాకెట్టు సామర్థ్యం 6 ఆంపియర్లే. అందువలన హీటరును ఎర్తింగు గల 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టుకే నేరుగా తగిలించాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డులు, అడాప్టర్లు ఎట్టి పరిస్థితులలోనూ వాడరాదు. అరగంట తరువాత ప్లగ్గును ఆపి, చేతితో తాకినపుడు వేడిగా అనిపిస్తే లోపల పట్టు సడలిందని అర్థం. అటువంటి సాకెట్టును ఎలక్ట్రీషియన్‌చే మార్పించే వరకు వాడరాదు.

ఇన్ని రక్షణ పరికరాలున్నపుడు రాత్రంతా హీటరు ఉంచితే నష్టమేమిటన్న ప్రశ్న సహజం. ప్రతి రక్షణ పరికరమూ ఒక్కొక్క ప్రమాదాన్ని మాత్రమే గుర్తిస్తుంది. ఎం.సి.బి. విద్యుత్ ప్రవాహం హద్దు మీరినపుడే ఆగుతుంది. దుప్పటి కొస హీటరుపై పడినా ప్రవాహం పెరగదు గనుక అది ఆగదు. సడలిన ప్లగ్గు కాలిపోతున్నా 9 ఆంపియర్లు దానికి హద్దు దాటినట్లు కాదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. విద్యుత్తు లీకేజిని గుర్తించి విద్యుదాఘాతం నుండి కాపాడుతుంది గాని మంటను గుర్తించదు. హీటరు పడిపోతే ఆగే స్విచ్చి, హీటరు నిలబడి ఉండగా దానిపై బట్ట పడితే పనిచేయదు. అధిక వేడిమిని అరికట్టే కటౌట్ హీటరు లోపలి వేడిని కొలుస్తుందే తప్ప, దాని ఎదుట జానెడు దూరంలో కమిలిపోతున్న దోమతెరను చూడలేదు. వీటన్నిటినీ ఒకేసారి చూడగలిగేది మెలకువగా ఉన్న పెద్దవారు మాత్రమే. ఆ పెద్దవారు నిద్రపోతే ఆ రక్షణ లేనట్లే.

దోమతెర సంగతి ప్రత్యేకంగా పేర్కొనవలసి ఉంది. మలేరియా నివారణకు మన్యం గ్రామాలలో దోమతెర తప్పనిసరి. పాలియెస్టర్ వంటి దారంతో నేసిన తెర వేడి తగిలితే కరిగి, మంట సోకితే బిడ్డ మీదికే జారిపడుతుంది. తెర, పరుపు, పరదాలు, ఆరవేసిన బట్టలు అన్నిటికీ హీటరు కనీసం ఒక మీటరు దూరంలో ఉండాలి. గట్టి, చదునైన నేలపై మాత్రమే దానిని ఉంచాలి. తడిసిన బొంతలు, పొత్తిగుడ్డలు హీటరుపై ఆరవేయరాదు.

కొండ ప్రాంతాలలో మరొక ప్రమాదం పొంచి ఉంటుంది. రాత్రి కరెంటు పోయినపుడు హీటరు ఆరిపోతుంది. స్విచ్చి వేసి ఉన్న సంగతి మరచి అందరూ నిద్రిస్తారు. చీకటిలో ఎవరో దానిపై రగ్గు పడవేస్తారు. అర్ధరాత్రి కరెంటు రాగానే హీటరు తనంతట తానే రాజుకుంటుంది. కావున కరెంటు పోయిన వెంటనే స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసివేయడం అలవాటు చేసుకోవాలి. తెల్లవారుజామున దానంతట అదే వెలిగేటట్లు టైమరు పెట్టడం కూడా ఈ కారణంగానే తగదు.

మరి చలికి బిడ్డను కాపాడుకునే మార్గం ఏమిటి? బిడ్డను పడుకోబెట్టడానికి గంట ముందు పెద్దవారి సమక్షంలో హీటరు వేసి గదిని వెచ్చబరచాలి. కిటికీ, తలుపు సందుల నుండి వచ్చే గాలిని గుడ్డలతో అరికట్టి, గాలి కొద్దిగా ఆడేందుకు పైభాగాన ఒక మార్గం వదలాలి. పెద్దవారు నిద్రకు ఉపక్రమించే ముందు హీటరును గోడ స్విచ్చి వద్ద ఆపి, ప్లగ్గు తీసి, గది బయట ఉంచాలి. ఆపైన ఆ వెచ్చదనాన్ని నిలిపేది పొరలు పొరలుగా తొడిగిన దుస్తులే. రాత్రంతా 8 గంటలు పనిచేస్తే 2,000 వాట్ల హీటరుకు 16 యూనిట్లు ఖర్చవుతుంది. ఒక గంటకయితే 2 యూనిట్లే.

ఏడాది లోపు శిశువుల విషయంలో అతి చలి ఎంత హానికరమో అతి వేడి కూడా అంతే హానికరం. గది మరీ వేడెక్కడం నిద్రలో శిశువు హఠాన్మరణం చెందే ముప్పును పెంచుతుందని వైద్యశాస్త్రం గుర్తించింది. బరువైన బొంతలు, ముఖంపైకి జారే దుప్పట్లు కప్పరాదు. చేతులు, పాదాలు చల్లగా ఉన్నంత మాత్రాన ఆందోళన చెందక, ఛాతీని లేదా మెడ వెనుక భాగాన్ని తాకి చూడాలి. అక్కడ చెమట పడితే ఒక పొర తగ్గించాలి. తక్కువ బరువుతో పుట్టిన శిశువుకు తల్లి ఛాతీకి ఆనించి పట్టుకునే కంగారూ సంరక్షణ శ్రేష్ఠమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తున్నది. అస్వస్థత వంటి కారణాలతో రాత్రి హీటరు తప్పనిసరి అయితే, థర్మోస్టాట్ గల నూనె రేడియేటరునే వాడి, ఒక పెద్దవారు వంతుల వారీగా మేలుకొని ఉండాలి.

బిడ్డకు చర్మం కాలిన పక్షంలో కాలిన చోటును 20 నిమిషాల పాటు పారే చల్లని నీటి క్రింద ఉంచాలి. మంచు, సిరా, టూత్‌పేస్టు పూయరాదు. విద్యుదాఘాతం జరిగితే ముందు కరెంటు ఆపిన తరువాతనే బిడ్డను తాకాలి. అంబులెన్సుకు 108, అగ్నిమాపక శాఖకు 101, ఏ అత్యవసర సేవకైనా 112, విద్యుత్ ఫిర్యాదులకు 1912 నంబర్లకు ఫోను చేయవచ్చు.

ఇండ్లకు వెళ్లే ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు బాలింతలకు ఈ విషయాలను వివరించగలిగితే, వసతి గృహాల వార్డెన్లు పిల్లలు నిద్రించే గదులలో హీటరు ప్లగ్గులను రాత్రి స్వయంగా తనిఖీ చేయగలిగితే అనేక ప్రమాదాలు తప్పుతాయి. ఇంటిలో జరిగే ప్రతి అగ్నిప్రమాదాన్నీ 'షార్ట్ సర్క్యూట్' అని పేర్కొనడం రివాజుగా మారింది. వాస్తవానికి కారణం సడలిన ప్లగ్గా, చిన్న సాకెట్టా, హీటరుపై పడిన దుప్పటా అన్నది విచారించి వెల్లడించినపుడే మరొక ఇంటివారు అదే పొరపాటు చేయకుండా ఉంటారు. హీటరు గదిని వెచ్చబరచే సాధనమే గాని, నిద్రించే బిడ్డకు కాపలా కాదు. పెద్దలు కన్ను మూసేముందు దాని స్విచ్చి ఆపడమే బిడ్డకు రక్ష.