అణుబాంబు ఆజ్ఞ ఎవరిది?

1945 ఆగస్టు 6వ తేదీ ఉదయము టోక్యో రేడియో నియంత్రణ గదిలో పనిచేయుచున్న ఉద్యోగి ఒకడు హిరోషిమా కేంద్రపు ప్రసారము నిలిచిపోయినట్లు గమనించెను. మరియొక టెలిఫోను తీగ ద్వారా ప్రసారమును పునరుద్ధరింప యత్నించెను గాని, ఆ తీగయు పలుకలేదు. కొంతసేపటికి రైల్వే టెలిగ్రాఫు కూడ హిరోషిమాకు ఉత్తరమున తెగిపోయినట్లు తెలిసినది. ఒక నగరము నశించినదన్న వార్త రాజధానికి మొదట నిశ్శబ్ద రూపముననే చేరినది. ఇరువది యేండ్లుగా ఆకాశవాణిలో పనిచేయుచున్న నాకు ఈ వృత్తాంతము చదివినప్పుడెల్ల ఆ పేరు తెలియని ఉద్యోగియే కన్నుల యెదుట నిలుచును. తీగ తెగినదనియే అతడు తలచి యుండును. మేమైనను అట్లే తలచి యుందుము.

ఆ బాంబును వేయవలెనని నిర్ణయించినది ఎవరు? అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ అని పాఠ్యపుస్తకములు ఒక్క వాక్యములో చెప్పి ముగించును. ఆ బాధ్యత తనదేయని ఆయనయు జీవితాంతము చెప్పుకొనెను. కాని కాగితములను వరుసగా పెట్టి చూచినచో కథ అంత సూటిగా కనబడదు.

1945 ఏప్రిల్ 12న రూజ్వెల్టు మరణించువరకు ఉపాధ్యక్షుడైన ట్రూమనుకు బాంబు రహస్యము వివరముగా తెలియదు. పదవి చేపట్టిన పదుమూడవ నాడు, ఏప్రిల్ 25న, యుద్ధమంత్రి స్టిమ్సన్, ఆ నిర్మాణ కార్యమునకు అధిపతియైన సైన్యాధికారి గ్రోవ్స్ ఆయనకు సంగతి పూర్తిగా విన్నవించిరి. అప్పటికే మూడేండ్లుగా లక్షకు మించిన జనము ఆ పనిలో నిమగ్నులై యుండిరి. ధనము రెండు వందల కోట్ల డాలర్ల మేర ప్రవహించుచుండెను. కొత్త అధ్యక్షుని ముందున్న ప్రశ్న బాంబు వేయవలెనా యన్నది కాదు. కదలిపోవుచున్న బండిని ఆపవలెనా యన్నది. ఆపుటకు ఎవరును గట్టిగా కోరలేదు. మే నెలాఖరున సమావేశమైన తాత్కాలిక సలహా సంఘము బాంబును వీలైనంత త్వరగా, ముందు హెచ్చరిక లేకుండ, కార్మికుల ఇండ్లు చుట్టుకొనియున్న యుద్ధ కర్మాగారముపై ప్రయోగింపవలెనని సిఫారసు చేసినది. ఇండ్లు చుట్టుకొనియుండుట ఇచ్చట ఆటంకముగా గాక అర్హతగా లెక్కకు వచ్చినదని పాఠకులు గమనింపగలరు.

శాస్త్రజ్ఞులలో కొందరు అడ్డుచెప్పకపోలేదు. జేమ్స్ ఫ్రాంక్ అధ్యక్షతన షికాగో శాస్త్రజ్ఞులు జూన్ 11న ఒక నివేదిక సమర్పించిరి. మనుష్యులు లేని చోట బాంబు శక్తిని ప్రదర్శించి చూపుడని అందులో కోరిరి. జూలై 17వ తేదీ గల జిలార్డ్ విజ్ఞప్తిపై డెబ్బది మంది సంతకములు చేసిరి. అది అధికారుల బల్లలు దాటి అధ్యక్షుని చేరనే లేదు.

లక్ష్యముల జాబితాలో మొదట క్యోటో నగరముండెను. వేయి సంవత్సరములకు పైగా రాజధానియై, ఆలయములతో నిండిన ఆ నగరమును స్టిమ్సన్ పట్టుబట్టి తొలగించెను. ఒక మంత్రి పట్టుదల ఒక నగరమును కాపాడినది. దాని స్థానమున చేరినది నాగసాకి.

ఇప్పుడు అసలైన కాగితము సంగతి. జూలై 25న జనరల్ హ్యాండీ సంతకముతో జనరల్ స్పాట్జ్‌కు వెడలిన ఆజ్ఞ అది. ఆగస్టు 3 తరువాత వాతావరణము అనుకూలించిన వెంటనే హిరోషిమా, కొకురా, నీగాతా, నాగసాకిలలో ఒకదానిపై మొదటి బాంబు వేయవలెను. పిమ్మట సిద్ధమైనవి సిద్ధమైనట్లే తక్కిన లక్ష్యములపై వేయవలెను. లొంగిపొమ్మని జపానును హెచ్చరించిన పోట్స్‌డామ్ ప్రకటన వెలువడినది జూలై 26న. అనగా హెచ్చరికకంటె ఆజ్ఞ ఒకనాడు ముందు పుట్టినది. ట్రూమన్ సంతకము ఆ కాగితముపై లేదు. ఎన్ని బాంబులు, ఏ దినమున, ఏ నగరముపై అన్నది కర్మాగారపు వేగమునకు, మేఘముల కదలికకు వదలివేయబడినది.

నాగసాకి సంగతి చూడుడు. రెండవ బాంబును మొదట ఆగస్టు 11న వేయదలచిరి. వాతావరణము చెడునన్న సూచన రాగా 9వ తేదీకి జరిపిరి. అందుకు అధ్యక్షుని నూతనానుమతి అక్కరలేకపోయినది. విమానము ముందుగా కొకురా మీదికి పోయినది. పొగయు మబ్బులును కప్పియుండుటచే మూడు మారులు తిరిగియు లక్ష్యము కానరాక నాగసాకి వైపు మరలినది. పగలు 11 గంటల 2 నిమిషములకు బాంబు ప్రేలినది. ఆ సంవత్సరాంతమునకు అచ్చట మరణించినవారు సుమారు 70,000. హిరోషిమాలో సుమారు 1,40,000.

ఇంతమాత్రమున బాంబును సమర్థించినవారి వాదమును తీసిపారవేయుట న్యాయము కాదు. ముఖ్యముగా మనకు కాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నము, కాకినాడలపై జపాను విమానములు బాంబులు కురిపించినవి. నిజాము సైన్యమునకు చెందిన మొదటి హైదరాబాదు పదాతిదళము 1941 డిసెంబరులో మలయాలోని కోటబారు విమానాశ్రయమును కాచుచుండగా జపాను సేన మొదటి దెబ్బ అచ్చటనే తీసినది. సింగపూరు పతనముతో నలుబదివేలకు పైగా భారత సైనికులు బందీలైరి. మలయా రబ్బరు తోటలనుండి సయాం–బర్మా రైలుమార్గమునకు తరలింపబడిన తమిళ, తెలుగు కూలీలు అడవిలో కలరాతో, ఆకలితో వేల సంఖ్యలో రాలిపోయిరి. చెరలో నున్నవాని తల్లికి యుద్ధము ఎట్లు ముగిసినను ఒకటే. ముగిసినదా లేదా యన్నదే ఆమె ప్రశ్న.

బాంబు లేకున్నచో యుద్ధము ముగిసెడిది కాదా? స్టిమ్సన్ 1947లో వ్రాసిన వ్యాసములో జపానుపై దండయాత్ర జరిపినచో అమెరికా సేనలకే పది లక్షలకు మించిన నష్టము కలుగునని తమకు చెప్పబడినట్లు పేర్కొనెను. అమెరికా ప్రభుత్వము నియమించిన బాంబుదాడుల పరిశీలక సంఘమే 1946లో బాంబు లేకున్నను, దండయాత్ర లేకున్నను ఆ ఏటి చివరికి జపాను లొంగి యుండెడిదని అభిప్రాయపడినది. ఆగస్టు 8న రష్యా యుద్ధము ప్రకటించుటయే జపాను మంత్రులను ఎక్కువగా కదలించినదని వాదించు చరిత్రకారులు గలరు. ఈ వివాదము నేటికిని తీరలేదు, తీరునని నేననుకొనను. కాని రెండవ బాంబునకు మూడు దినముల వ్యవధియే యేల అన్న ప్రశ్నకు తృప్తికరమైన సమాధానమును నేనెచ్చటను చదువలేదు.

ఫలితములను అంకెలలో చెప్పిన మనసున పట్టవు. నేను శాలిబండలో నివసించువాడను గనుక మా పేట లెక్కలోనే చెప్పెదను. హిరోషిమాలో విస్ఫోటనము నేలకు సుమారు 600 మీటర్ల ఎత్తున, ఒక ఆసుపత్రి మీద జరిగినది. దాని క్రింది బిందువునుండి ఇంచుమించు రెండు కిలోమీటర్ల వరకు ఇండ్లన్నియు దగ్ధములైనవి. చార్మినారును ఆ బిందువుగా ఊహించినచో మక్కా మసీదు, లాడ్‌బజారు, శాలిబండ, సాలార్‌జంగ్ మ్యూజియము, హైకోర్టు, మూసీ కావలి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి — ఇన్నియు ఆ వలయములోనివే. ఫలక్‌నుమా కొండ మాత్రము వెలుపల నుండును. గాయపడినవారిని ఎచ్చటికి మోయుదురు? హిరోషిమాలో వైద్యులలోను నర్సులలోను నూటికి తొంబదిమంది మరణించుటయో గాయపడుటయో జరిగినది. ఆ ఉదయము అగ్ని వ్యాపింపకుండుటకై ఇండ్లు కూల్చి బాటలు చేయుచున్న పాఠశాల పిల్లలు ఆరుబయట వేలాదిగా బలియైరి.

ఈ నగరము మహావిపత్తు నెరుగనిది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది ప్రాణములను హరించినది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి నూటయేబది మంది బ్రతికిన కథ ఇక్కడి పిల్లలకు కూడ తెలియును. నీరు తీసిన పిమ్మట బ్రతికినవాడు బ్రతికినట్లే. విశ్వేశ్వరయ్యగారు వచ్చి పరిశీలించిరి, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములు వెలసినవి. హిరోషిమాలో గాయము లేక బయటపడినవారు పది, ఇరువది దినముల తరువాత జుట్టు రాలి, చర్మముపై ఊదారంగు మచ్చలు లేచి, నెత్తురు నిలువక మరణించుట చూచి వైద్యులు మొదట విస్మయపడిరి. రేడియోధార్మిక కిరణములు ఎముకలలోని మూలుగను చెరచి, రక్తకణముల పుట్టుకనే అరికట్టినవి. మరికొన్ని యేండ్లకు రక్తపు కాన్సరు, ఆ పిమ్మట తక్కిన కాన్సరులు హెచ్చినవి. బాంబు పడిననాడు రెండేండ్ల శిశువైన ససాకి సదాకో 1955లో పండ్రెండవ యేట రక్తపు కాన్సరుతో మరణించినది. 1947లో అమెరికావారు నెలకొల్పిన పరిశోధన సంఘము ఈ రోగులను పరీక్షించినదే గాని చికిత్స చేయలేదు. ఆ మాట వారు ఈనాటికిని బాధతో తలచుకొందురు. వారి సంఘమైన నిహోన్ హిదాన్‌క్యోకు 2024లో నోబెల్ శాంతి బహుమానము లభించినది.

ఆగస్టు 10న ట్రూమన్ చేసిన పనికి రావలసినంత ప్రసిద్ధి రాలేదు. మూడవ బాంబు ఆగస్టు 17, 18 తేదీల తరువాత వేయుటకు సిద్ధమగునని ఆ దినముననే గ్రోవ్స్ తెలియజేసెను. అధ్యక్షుని స్పష్టమైన అనుమతి లేనిదే దానిని ప్రయోగింపరాదని సైన్యాధిపతి మార్షల్ ఆ కాగితము అడుగుననే వ్రాసెను. మరియొక లక్షమందిని తుడిచిపెట్టుటయన్న తలపే భయంకరముగా నున్నదని ట్రూమన్ మంత్రులతో అనినట్లు వాలెస్ దినచర్యలో గలదు. జూలై 25న చేయిదాటిన నిర్ణయము పదునారు దినముల తరువాత, రెండు నగరములు పోయిన మీదట, మరల ఒక మనుష్యుని చేతికి వచ్చినది. ఆ ముందు దినమే ఆయన రేడియోలో హిరోషిమాను సైనిక స్థావరముగా వర్ణించి యుండెను. అచ్చట సైనిక కార్యాలయము ఉండిన మాట నిజమే. కాని గురిపెట్టినది నగరమధ్యమున నున్న వంతెనకు, మరణించినవారిలో అత్యధికులు పౌరులు.

ఆగస్టు 15 మధ్యాహ్నము జపాను చక్రవర్తి కంఠము రేడియోలో మొదటిసారి వినవచ్చినది. ముందురాత్రి రికార్డు చేసిన పళ్ళెములకై కొందరు సైన్యాధికారులు రాజభవనమంతయు వెదకిరి, అవి చిక్కలేదు. ఆయన ఆస్థానభాషలో పలుకుటచే చాలమందికి అర్థము కాక, తరువాత ప్రకటనకర్త వివరింపవలసి వచ్చినది. ప్రసంగమున లొంగుబాటు అన్న మాటయే లేదు.

ఈ విషయము మన నగరమునకు దూరమైనదని తలచినవారు చార్మినారు పైనుండి ఆగ్నేయ దిక్కునకు చూడవలెను. నేరుగా అయిదు కిలోమీటర్ల చుట్టుపట్ల కంచన్‌బాగ్ ఉన్నది. 1989 మే 22న మొదట ఎగిరిన అగ్ని క్షిపణి రూపుదిద్దుకొన్నది అచ్చటి రక్షణ పరిశోధన ప్రయోగశాలలలోనే. దిక్కుల లెక్కన అగ్నికి అది సరియైన మూలయే. ఉదయము ఆ దారిన పోవు బస్సులలో మా పేటవారు కూడ కొందరు పనికి పోవుదురు. అణ్వస్త్రములను మోయగల ఆ క్షిపణిని ప్రయోగించు ఆజ్ఞ ఎవరిదో 2003 జనవరి 4న భారత ప్రభుత్వము ప్రకటించినది. ప్రధానమంత్రి అధ్యక్షతన గల రాజకీయ మండలికి మాత్రమే ఆ అధికారము గలదు. జాతీయ భద్రతా సలహాదారు అధ్యక్షతన గల కార్యనిర్వాహక మండలి సలహా చెప్పును, ఆజ్ఞను అమలుపరచును. మొదట మనము ప్రయోగింపమన్న నియమమును అందులోనే చేర్చిరి. భారతదేశముపై గాని, భారత సేనలపై గాని జీవ, రసాయనాస్త్రములతో పెద్ద దాడి జరిగినచో అణ్వస్త్రముతో బదులిచ్చు హక్కు నిలుపుకొన్నట్లు ఒక మినహాయింపును అచ్చటనే వ్రాసికొనిరి. ప్రకటన మొత్తము ఒక పుటకు మించదు. హ్యాండీ సంతకము చేసిన కాగితమును ఇంచుమించు అంతియే.