మామ్మని హోమ్‌లో పెడితే వదిలేసినట్టేనా?

ఈరోజు మా ఇంటి విషయంతోనే మొదలుపెడతాను. మా తాతయ్య నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసేవారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. కానీ మా మామ్మ రోజూ సాయంత్రం గేటు దగ్గర నిలబడి, "మీ తాత మిల్లు దిగే ఏలయింది, అన్నం వండీసినారా?" అంటుంది. మొదట్లో నవ్వుకున్నాం. ఒకరోజు రాత్రి ఆయన్ని వెతుక్కుంటూ రోడ్డెక్కేసింది.

ఇది డిమెన్షియా. పేర్లు మర్చిపోవడం కాదు, మనిషి పోయిన సంగతే మర్చిపోవడం. మన దేశంలో 60 దాటినవాళ్లలో సుమారు 7.4 శాతం, అంటే 88 లక్షల మందికి ఇది ఉందని 2023లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా. "వయసైపోయింది లే" అని వదిలేయకండి. బీ12, థైరాయిడ్ తక్కువైనా ఇలాంటి లక్షణాలే రావొచ్చు, వాటికి మందులున్నాయి. ముందు రక్తపరీక్ష చేయించండి.

మామ్మని చూసుకునేది అమ్మ ఒక్కతే. నేనేమో అప్పట్లో హైదరాబాద్‌లో కోడింగ్ చేసుకుంటూ, ఫోన్లో "జాగ్రత్తమ్మా" అనేవాణ్ణి. దానివల్ల ఉపయోగం జీరో. రెండేళ్లు సరిగా నిద్రలేక అమ్మ ఒకరోజు బీపీ పెరిగి పడిపోయింది. అప్పుడు హోమ్ అనే మాట ఎత్తాను. "కన్నతల్లిని వదిలేస్తారా, కేసు పెడతారు" అని మా అత్త గొడవ.

ఆ చట్టం నిజంగానే ఉంది, 2007లో వచ్చింది. పూర్తిగా వదిలించుకోవాలని పెద్దవాళ్లని ఎక్కడో వదిలేస్తే 3 నెలల వరకు జైలు, లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. మంచి హోమ్‌లో చేర్చి, డబ్బు కట్టి, వెళ్లి చూసుకుంటుంటే అది వదిలేయడం కాదు.

తప్పు నేను వేరేచోట చేశాను. వైజాగ్‌లో ఒక వృద్ధాశ్రమం ఫారంలో "తన పనులు తాను చేసుకోగలరు" దగ్గర టిక్ పెట్టేశా. తొమ్మిదో రోజు ఫోన్: "బాబూ, మీ మామ్మగారు రాత్రంతా గేటు లాగుతున్నారు, తీసుకెళ్లిపోండి." వాళ్లని ఏమంటాం? చాలా ఆశ్రమాలు ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లకే. డిమెన్షియా కేర్ హోమ్ అంటే వేరు. అక్కడ ఏసీ ఉందా అని కాదు అడగాల్సింది. రాత్రి మేలుకుని ఉండేది ఎవరు? ఒక్కో ఆయాకి ఎంతమంది? మంచానికి కట్టేస్తారా? నిద్రమాత్రలు ఎవరు చెబితే ఇస్తారు? చెప్పకుండా వచ్చి చూడొచ్చా? చివరి ప్రశ్నకి నసిగితే బయటికి వచ్చేయండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీకపోతే 14567కి కాల్ చేయండి, అది సీనియర్ సిటిజన్ల హెల్ప్‌లైన్, ఫ్రీ.

మేం ఇంకా వెతుకుతున్నాం. ఈలోగా పగలు ఒక ఆయా వస్తోంది, రాత్రి కాపలా నాది. వీడియో ఎడిటింగ్ ఎలాగూ రాత్రే కదా. నిన్న కూడా మామ్మ గేటు దగ్గరికి వెళ్లింది. ఇదివరకైతే "తాత చనిపోయారు కదా" అనేవాణ్ణి, ప్రతిసారీ కొత్తగా విన్నట్టు ఏడ్చేది. ఇప్పుడు, "తాతకి ఓటీ పడింది మామ్మా, నువ్వు తినేయ్" అన్నాను.

"ముందే సెప్పొచ్చు కదా" అని తిట్టి, తినేసింది.