దిగులు రోజుల్లో ఏ పుస్తకం?

మార్చి నెల. కోసిన మిరపకాయలు కల్లం మీద ఎర్రగా పరిచి వున్నాయి. సాయంత్రానికి తూర్పున మబ్బు కమ్మింది. ఇంటాయన పట్టాలు చంకన పెట్టుకుని కల్లానికి పరుగెత్తాడు. ఒక్క జల్లు పడిందా, రంగు పోయిన కాయ తాలులోకి పోతుంది. ధర సగానికి దిగుతుంది. ఇంట్లో ఇల్లాలికి నిద్ర లేదు. పెద్దపిల్లకు పరీక్షలు. మామగారికి గుంటూరులో రేపో మాపో ఆపరేషను. గుంటూరు, ప్రకాశం సీమల్లో పత్తి, మిరప నమ్ముకున్నవారికి ఇటువంటి రాత్రులు కొత్త కావు. 2021లో నల్ల తామరపురుగు మిరపతోటల మీద పడినప్పుడు ఎన్ని ఇళ్లలో దీపాలు తెల్లవార్లూ వెలిగాయో!

అటువంటి రాత్రి ఏ పుస్తకం చదవాలి?

"బాగుందండీ! ఆ గొడవలో చదువెక్కడ సాగుతుంది?" అంటారు మీరు. నిజమే. బరువైన గ్రంథం తెరిస్తే మూడో వాక్యం దగ్గరే మనసు కల్లానికి పోతుంది. మరీ తేలికైనది తీస్తే కళ్లు అక్షరాల మీదా, ధ్యాస మబ్బు మీదా వుంటాయి. మనకు కావలసింది ఈ రెంటికీ నడిమి రకం. అది మనసును పట్టి వుంచాలి, కాని పీడించకూడదు.

ఈ సంగతి మన తెనాలివారొకరు స్వయంగా అనుభవించి తెలుసుకున్నారు. ఆయనే చక్రపాణిగారు. అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. 1932లో క్షయ సోకి మదనపల్లె శానిటోరియంలో చేరారు. ఆ రోజుల్లో క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1943లో. అంతవరకూ విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి, ఇవే చికిత్స. నెలల తరబడి మంచం మీద ఎదురుచూడాలి. ఆ ఎదురుచూపులో ఆయన తోటి బెంగాలీవారి దగ్గర బెంగాలీ నేర్చుకున్నారు. బయటికి వచ్చాక శరత్‌బాబు నవలలను తెలుగు చేశారు. శరత్ తెలుగువాడేనని నమ్మినవారు మనలో చాలామంది! కొత్త భాషలో ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చదివేవాడికి దిగులుపడే తీరిక ఎక్కడిది? కాస్త పని చెప్పే పుస్తకం ఒక్కొక్కప్పుడు జోలపాట కన్న మేలు.

అందరమూ బెంగాలీ నేర్చుకోనక్కరలేదు. తెనాలి దగ్గర సంగం జాగర్లమూడిలో పుట్టిన మునిమాణిక్యం నరసింహారావుగారి కాంతం కథలున్నాయి. అందులోనూ కష్టాలకు కొదవ లేదు. చాలీచాలని జీతం, పిల్లల అల్లరి, ఆలుమగల తగవు, అన్నీ వున్నాయి. అయినా ఆ ఇల్లు నవ్వుతూనే వుంటుంది. మన కష్టం లాంటిదే పక్కింట్లో వుందనీ, వారు నవ్వుతూ గడుపుతున్నారనీ తెలిస్తే ఎంత ధైర్యం! ఊళ్లు దాటి పోవాలనిపిస్తే మొక్కపాటివారి బారిష్టర్ పార్వతీశంతో మొగల్తూరు నుంచి ఇంగ్లండు దాకా వెళ్లిరండి. అతని తికమకల ముందు మన తికమకలు చిన్నవైపోతాయి.

చదివే ఓపిక లేనివారికి చదివి వినిపించండి. రెండవ ప్రపంచయుద్ధం సాగుతుండగా, 1943 డిసెంబరులో, చర్చిల్ న్యుమోనియాతో ట్యునీషియాలో మంచాన పడ్డాడు. కుమార్తె శారా పక్కన కూర్చుని జేన్ ఆస్టెన్ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' చదివి వినిపించింది. పెళ్లి సంబంధాలు, విందులు, అలకలు - అంతే కథ. మహాయుద్ధం నడిపే మనిషికీ ఆ పూట అదే కావలసి వచ్చింది. మరి ఆసుపత్రిలో మామగారి మంచం పక్కన కోడలు ఒక కథ చదివితే తప్పేముంది?

పిల్లలున్న ఇంట్లో అటక మీద పాత చందమామలు తప్పక వుంటాయి. 1947లో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు ప్రారంభించిన ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు. బేతాళుడు మాత్రం చెట్టు దిగలేదు. ప్రతి కథా అప్పటికప్పుడు ముగుస్తుంది, చివర ఒక చిక్కుప్రశ్న మిగులుతుంది. దానికి జవాబు ఆలోచిస్తూ పిల్లలే కాదు, పెద్దలూ నిద్రపోతారు.

అయితే ఒక మనవి. పుస్తకాన్ని కష్టం వచ్చిన రోజున వెదికితే దొరకదు. మందుల డబ్బా లాగే ముందుగా సిద్ధం చేసుకోవాలి. ఇదివరకు చదివి సంతోషించిన పుస్తకం ఒకటి, పొట్టి కథలది ఒకటి, నవ్వించేది ఒకటి, ఈ మూడూ అలమరలో చేతికందే చోట వుంచండి. కొనలేకపోతే గ్రంథాలయాలున్నాయి. 1918లో నేతపనివారి ఊరు వేటపాలెంలో వెలసిన సారస్వత నికేతనం నేటికీ నిలిచి వుంది. 1929లో గాంధీజీ అక్కడికి వచ్చారు. ఆయన చేతికర్రను అక్కడ భద్రంగా దాచారు.

పుస్తకం వానను ఆపదు, యార్డులో ధర పెంచదు. కాని ఒక గంటసేపు మనసుకు వేరే చోటు చూపిస్తుంది. ఆ గంట తరువాత కాస్త కునుకు పడుతుంది. తెల్లవారి లేచి పట్టాలు తీసి కాయలు ఆరబోయడానికి ఆ కునుకే ఆధారం.