ఎర్ర పాయిన్‌సెట్టియా తెల్లబడేది ఎలా?

డిసెంబరు వచ్చిందంటే బెంగళూరు, హోసూరు ప్రాంతాల నర్సరీల్లో ఎర్రటి పాయిన్‌సెట్టియా కుండీలు బారులు తీరుతాయి. క్రిస్మస్ అలంకరణకు పేరుపొందిన ఈ మొక్క ఇప్పుడు తెలుపు, గులాబీ, లేత పసుపు, నారింజ రంగుల్లోనూ దొరుకుతోంది. చాలా ఏళ్లు వృక్షశాస్త్రం బోధించినవాణ్ణి కనుక, "ఈ రంగులు మందుతో ఎక్కిస్తారా మాస్టారూ?" అని తల్లిదండ్రులు నన్ను తరచు అడుగుతుంటారు. నీలం రంగు మొక్క విషయంలో వారి అనుమానం నిజమే. దానిమీద రంగు పిచికారీ చేస్తారు. తక్కినవి మాత్రం మొక్క లోపలినుంచి వచ్చినవే.

నిజానికి మనం పువ్వు అనుకునేది పువ్వే కాదు. మన ఇళ్లముందు పెరిగే కాగితం పూలలాగే ఇవి కూడా రంగు తిరిగిన ఆకులు. పాఠ్యపుస్తకాల్లో వీటిని పుచ్ఛాలంటారు. అసలు పూలు వాటి నడుమ చిన్న పసుపుపచ్చ గిన్నెల్లా ఉంటాయి. మొక్క స్వస్థలం మెక్సికో. అక్కడ అమెరికా దౌత్యాధికారిగా 1825 నుంచి పనిచేసిన జోయెల్ పాయిన్‌సెట్ తన దేశానికి మొక్కలు పంపడంతో ఆయన పేరే దీనికి స్థిరపడింది. ఆముదం, బొంతజెముడు దీని చుట్టాలే. కొమ్మ తుంచితే పాలు కారడం చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది.

ఎరుపుకు కారణం ఆంథోసయనిన్లు అనే వర్ణకాలు. ఇవి కణంలో ఒకచోట తయారై, రిక్తిక అనే సంచిలోకి చేరి నిలవుండాలి. అప్పుడే రంగు కనిపిస్తుంది. తయారీలో ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క ఎంజైము, ఒక్కొక్క ఎంజైముకు ఒక్కొక్క జన్యువు ఉన్నాయి.

తెల్ల, గులాబీ రకాల్లో చాలావరకు ఎర్ర మొక్కలకు ఎక్స్ కిరణాలో, గామా కిరణాలో తగిలించి సంపాదించినవే. తయారీలో ఏదో ఒక మెట్టు విరిగిపోయి ఉంటుందని ఎవరైనా ఊహిస్తారు. తీరా పరీక్షించి చూస్తే తెల్ల మొక్కల్లో తయారీకి కావలసిన సరంజామా అంతా ఉంది, రంగు మాత్రం లేదు! శాస్త్రజ్ఞులు దీనికి 'తెలుపు వైరుధ్యం' అని పేరు పెట్టారు.

ఈ చిక్కుముడి 2021లో విడింది. జర్మనీలోని హానోవర్ పరిశోధకులు బ్రాక్ట్‌1 అనే జన్యువును గుర్తించారు. ఇలాంటి జన్యువుల పని రంగు తయారుచేయడం కాదు, తయారైన రంగును రిక్తికకు చేరవేయడం. వడ్లు మిల్లులో ఆడించి సిద్ధంగా ఉంచినా, బస్తాలు మోసి ఇంటికి చేర్చేవాడు లేకపోతే వంటింట్లో బియ్యం ఉండవు కదా! తెల్ల మొక్క పరిస్థితి అదే.

ఆ జన్యువులో జరిగిన మార్పు ఎంతో తెలుసా? డీఎన్‌ఏలో నాలుగంటే నాలుగు అక్షరాలు. కణం ఆ అక్షరాలను మూడేసి చొప్పున చదువుతుంది. నాలుగు అక్షరాల తేడా వచ్చేసరికి అక్కడినుంచి చదువంతా పక్కకు జరిగి అర్థం లేకుండా పోతుంది. ఒకే మాట వెంటవెంటనే రాసేటప్పుడు మన చేయి తడబడినట్లే, జన్యువులో ఒకే వరుస పదేపదే వచ్చే చోట ఈ పొరపాటు సులువుగా జరుగుతుంది. కిరణాలు తగిలిన 10 మొక్కలనుంచి తీసిన 200 కన్నా తక్కువ కొమ్మల్లోనే మార్పు కనిపించింది. ఇంత తేలిగ్గా దొరికే మార్పులు చాలా అరుదు.

ఇక్కడ మెండెల్ కూడా గుర్తుకు రావాలి. ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుంటాయి, ఒకటి బాగున్నా పుచ్ఛం ఎర్రగానే ఉంటుంది. కాబట్టి ఒక ప్రతి ముందే చెడిపోయి ఉన్న ఎర్ర మొక్కను ఎంచుకుంటే, కిరణాలు రెండో ప్రతిని చెడగొడితే చాలు. రెండూ బాగున్న మొక్కతో పని అంత తేలిక కాదు.

గులాబీ రంగు సంగతి మరీ విచిత్రం. కొమ్మ చిగురులో కణాలు పొరలు పొరలుగా ఉంటాయి. పైపొర కణంలో మాత్రమే మార్పు వస్తే పైన తెలుపు, లోపల ఎరుపు ఉండి, కంటికి గులాబీగా కనిపిస్తుంది. దీన్ని కైమెరా అంటారు. విత్తనం పుట్టేది లోపలి పొరనుంచి కనుక విత్తనం నాటితే ఆ గులాబీ రాదు. కొమ్మ ముక్కలు నాటుకోవలసిందే. అన్ని గులాబీ రకాలూ ఇలా వచ్చినవి కావు, కొన్నిటికి రంగు జన్యుపరంగానే ఉంటుంది.

నారింజ రంగుకు దారి వేరు. ఎరుపునిచ్చే సయానిడిన్ తయారీకి ఒక ఎంజైము కావాలి. అది లేకపోతే మొక్క పెలార్గోనిడిన్ అనే వర్ణకంవైపు మళ్లుతుంది. జర్మనీ, ఆస్ట్రియా పరిశోధకులు క్రిస్పర్ పద్ధతిలో ఆ ఒక్క జన్యువునే నిలిపివేసి, ఎర్ర పుచ్ఛాలను ఎర్రనారింజకు మార్చినట్లు 2021లో ప్రకటించారు. ఎక్స్ కిరణం చీకట్లో విసిరిన రాయి, క్రిస్పర్ గురిచూసి వేసిన బాణం. అయినా మార్కెట్టులో ఇన్నాళ్లూ కుండీలు నింపింది రాయి విసిరినవారే!

మన దేశంలోనూ ఈ విద్య ఉంది. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ గామా కిరణాలతో చామంతుల్లో కొత్త రకాలెన్నో తీసింది. ప్లస్ టూ, పీయూసీల్లో జీవశాస్త్రం తీసుకున్న మన పిల్లలు బి.ఎస్సి. హార్టికల్చర్‌లో చేరితే ఇవన్నీ చేతులారా నేర్చుకోవచ్చు.

ఈలోగా నర్సరీకి వెళ్లినప్పుడు ఆకు కాడలు పరిశీలించండి. చాలావరకు ఎర్ర రకాల కాడ ఎర్రగా, తెల్ల రకాల కాడ ఆకుపచ్చగా ఉంటుంది. పుచ్ఛాలు రంగు తిరగకముందే మొక్క ఏ రంగుదో పోల్చుకోవచ్చు. కొని తెచ్చుకుంటే మరుసటి ఏడాది అక్టోబరు నుంచి రాత్రిపూట వీధి దీపం వెలుగు పడనిచోట ఉంచండి. పద్నాలుగు గంటల చీకటి వరుసగా కొన్ని వారాలు దొరకకపోతే, జన్యువు ఏదైనా సరే, ఆకులు పచ్చగానే ఉండిపోతాయి.