లైటు ఆర్పే ముందు కోడ్ చదవండి

డల్లాస్ చుట్టుపక్కల పాత బండి నడిపే మనవాళ్లు నన్ను తరచుగా అడిగేది ఒకటే: "అన్నా, చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, ఎలా ఆర్పాలి?" ఆర్పడం నిమిషం పని. స్కానర్ పెట్టి ఒక బటన్ నొక్కితే పోతుంది. ఆ బటన్‌తో పాటే బండి కంప్యూటరు రాసిపెట్టుకున్నది చాలామటుకు చెరిగిపోతుంది కాబట్టి, ముందు దాని జోలికి వెళ్లొద్దంటాను.

అసలు మొదట చూడాల్సింది లైటు నిలకడగా వెలుగుతోందా, మిణుకుమిణుకుమంటోందా అన్నది. మిణుకుతుంటే ఏదో సిలిండర్‌లో పెట్రోలు మండకుండా సైలెన్సర్ వైపు పోతోందని. అది దారిలో పొగని శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి, దాన్ని లోపలే కరిగించేస్తుంది. దాన్ని మార్చాలంటే పాత ట్రక్కు ధరలో పెద్ద ముక్కే పోతుంది. అప్పుడు వేగం తగ్గించి బండి పక్కకి ఆపాలి. నిలకడగా వెలుగుతుంటే, ఆయిల్ ప్రెషరూ వేడీ చూపించే ముళ్లు సరిగ్గా ఉంటే, నెమ్మదిగా ఇల్లు చేరుకోవచ్చు. చేరాక పెట్రోల్ ట్యాంకు మూత టిక్కుమనేదాకా తిప్పండి. ట్యాంకులోని ఆవిరి బయటికి పోతే లైటు వెలుగుతుంది. మూత చుట్టూ ఉన్న రబ్బరు ఎండి పగిలినా అంతే.

అమెరికాలో 1996 మోడల్ నుంచి అమ్మిన దాదాపు ప్రతి కారుకీ, పికప్ ట్రక్కుకీ స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. దీన్నే ఓబీడీ-2 అంటారు. పొగమంచుతో విసిగిన కాలిఫోర్నియా 1988లోనే దీని తొలిరూపాన్ని తప్పనిసరి చేసింది. ఇవాళ ముప్పై డాలర్లలోపే వచ్చే చిన్న స్కానర్ అందులో గుచ్చితే తప్పేంటో సూచించే కోడ్లు ఫోన్‌లో కనిపిస్తాయి. విడిభాగాల దుకాణాల్లో చాలాచోట్ల ఉచితంగానే చదివిపెడతారు. హైదరాబాద్‌లో, విజయవాడలో తిరిగే కొత్త కార్లకీ ఈ సాకెట్ ఉంది.

చిక్కంతా కోడ్ చదివాకే. నా 2005 మోడల్ వీ8 పికప్‌లో పి0171, పి0174 రెండూ ఒకేసారి వచ్చాయి. ఇంజిన్‌కి రెండు వరసల సిలిండర్లు. రెండు వరసల్లోనూ గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని వాటి అర్థం. ఒక షెడ్డులో చూపిస్తే, ఆక్సిజన్ సెన్సర్లు పాడయ్యాయి, అన్నీ మార్చాలన్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. పొగలో ఆక్సిజన్ ఎక్కువుందని చెప్పింది ఆ సెన్సర్లే. రెండు పక్కల సెన్సర్లూ ఒకే రోజు, ఒకే రకంగా పాడవడం చాలా అరుదు. రెండు వరసలూ ఒకే మాట చెబుతుంటే తప్పు ఆ రెంటికీ ఉమ్మడిగా ఉన్నచోట వెతకాలి.

లైటు వెలిగిన క్షణాన బండి ఎలా ఉందో కంప్యూటరు ఒక పేజీ దాచుకుంటుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. నా ట్రక్కులో అది ఇంజిన్ వేడెక్కాక, సిగ్నల్ దగ్గర ఆగినప్పటిది. ఆ తర్వాత ఫ్యూయల్ ట్రిమ్ చూశాను. లెక్కగట్టిన పెట్రోలుకి కంప్యూటరు అదనంగా ఎంత కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో శాతంలో చెప్పే అంకె అది. సున్నాకి అటూఇటూ పది లోపుంటే పరవాలేదు. బండి ఆగి ఉన్నప్పుడు 22 చూపించింది. బ్రేకు వేసి, న్యూట్రల్‌లో 2500 ఆర్పీఎం దాకా రేజ్ చేస్తే 4కి దిగింది. పెట్రోల్ పంపు నీరసపడితే దీనికి తలకిందులుగా ఉంటుంది, భారం పెరిగేకొద్దీ అంకె పైకి పోతుంది. నాకు మాత్రం ఎక్కడో గాలి దొంగతనంగా దూరుతోందన్నమాట. పగిలిన స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినట్టే: మెల్లగా పీలిస్తే సగం గాలే వస్తుంది. ఇంజిన్ ఊపుగా పీల్చేటప్పుడు ఆ పగుల్లోంచి వచ్చే గాలి మొత్తంలో లెక్కలోకి రాదు.

పగులు కనిపెట్టడానికి కొందరు వేడి ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ చిమ్ముతారు. నిప్పంటుకునే పని అది, నేను చేయను. ఇంజిన్ ఆపి, గాలి లోపలికి వెళ్లే గొట్టంలోకి తక్కువ ఒత్తిడితో పొగ పంపే చిన్న మెషిన్ ఉంది, స్నేహితుడి గ్యారేజీలోది తెచ్చుకున్నాను. కాసేపటికి ఇంజిన్ వెనక, కంటికి అందని మూల నుంచి సన్నగా పొగ లేచింది. చెయ్యి దూర్చి తడిమితే మోచేయిలా వంగిన రబ్బరు గొట్టం తగిలింది. ఇంజిన్ అడుగున పుట్టే ఆవిరిని మళ్లీ పైకి పీల్చే పీసీవీ గొట్టమది. ఏళ్ల తరబడి ఆయిల్ ఆవిరి తగిలి మెత్తబడి, వంపు లోపలివైపు చీలింది. వేలు నొక్కితే జిగురుగా దిగిపోయింది. కొత్తది పదిహేను డాలర్లు కూడా కాలేదు. సెన్సర్లకి చెప్పిన ధర కట్టి అవే మార్పించి ఉంటే లైటు వారంలో మళ్లీ వెలిగేది.

కోడ్ చెరపాల్సింది ఇప్పుడు, రిపేరయ్యాక. చెరపకపోయినా, వరసగా మూడు ప్రయాణాల్లో ఆ తప్పు కనిపించకపోతే లైటు తనంతట తనే ఆరిపోతుంది.

చెరిపితే మాత్రం ఒక సంగతి గుర్తుండాలి. ఒక్కో భాగాన్ని కంప్యూటరు తనే పరీక్షించుకుని 'రెడీ' అని గుర్తు పెట్టుకుంటుంది. చెరపగానే అవన్నీ పోతాయి. టెక్సస్‌లో 2025 నుంచి సొంత బండ్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేసినా, డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్ లాంటి చోట్ల పొగ పరీక్ష ఉంది. 2001 తర్వాతి బండికి ఒకటి మించి 'రెడీ' కాకపోతే పరీక్ష దాటదు. అందుకే ముందురోజు రాత్రి చెరిపి పొద్దున్నే వెళ్లేవాళ్లు వెనక్కి వస్తారు. రాత్రంతా చల్లబడ్డ బండిని స్టార్ట్ చేసి, కాసేపు ఊళ్లో, కాసేపు హైవే మీద నిలకడగా, ఇలా కొన్నిరోజులు నడపాలి. ట్యాంకు నిండుగానూ, మరీ ఖాళీగానూ ఉండకూడదు. ఉంటే ఆవిరి పరీక్ష మొదలే కాదు.

పాత ట్రక్కు కొనబోయే కుర్రాళ్లకి ఇదే పనికొస్తుంది. అమ్మేవాడు లైటు లేదని చూపించినా స్కానర్ గుచ్చండి. చాలా గుర్తులు 'రెడీ' కాకుండా ఉంటే ఈమధ్యే చెరిపారనో, బ్యాటరీ తీశారనో అర్థం. కోడ్లు చెరిపాక ఎంత దూరం తిరిగిందో కూడా చాలా బండ్లలో కనిపిస్తుంది. అది పది మైళ్లుంటే బేరం ఆపి, ఎందుకు చెరిపారో అడగండి.