బిగువు తీరిన చోట లోపము

మన సిరొంచ చెంత ప్రాణహిత గోదావరిలో కలియుచున్నది. వరద తీసిన పిదప ఒడ్డున ఒండ్రుపొర ఎండి బీటలు వారుట మీరందరు చూచినదే. పైపొర ముడుచుకొనజూచును; అడుగునేల దానిని పట్టియుంచును. ఆ బిగువే బీటగా తేలును. ఇట్టి బిగువు కంటికి కానరాని స్ఫటికపు పొరలలోను కలదు. అచ్చట అది తీరు విధము వేరు.

పరమాణువులు క్రమముగా బారులు తీరిన ఘనపదార్థమే స్ఫటికము. సిలికాన్ పలకపై జెర్మేనియమ్ పొరను పెంచితి మనుకొందము. రెండింటి అమరిక యొక్కటే. కాని జెర్మేనియమ్ పరమాణువుల నడిమి ఎడము నూటికి సుమారు 4 పాళ్లు ఎక్కువ. 25 సిలికాన్ ఎడములు పట్టుచోట 24 జెర్మేనియమ్ ఎడములే పట్టును.

ప్రార్థనకు నిలిచిన వరుసలను తలచుకొనుడు. ముందు 25 మంది చిన్నపిల్లలు. వెనుక అంతే నిడివిలో పెద్దతరగతివారు. ప్రతివాని వెనుక ఒకడు నిలువవలెనన్నచో పెద్దవారు ఒదుగవలెను. ఒకటి రెండు వరుసలైనచో ఓర్తురు. వరుసలు పెరిగిన కొలది మొత్తము ఇరుకుపాటు పెరుగును. తుదకు వెనుకనున్న ప్రతి వరుసనుండి ఒకడు తొలగును. 24 మంది సుఖముగా నిలుతురు. కాని ముందున్న ఒక బాలుని వెనుక ఎవరును ఉండరు. స్ఫటికములో నిట్లు తెగిన పరమాణుతలపు అంచునే స్థానభ్రంశమందురు. దీనిని 1934లో టేలర్, ఒరొవాన్, పొలాన్యి అను శాస్త్రజ్ఞులు వేర్వేరుగా ప్రతిపాదించిరి.

పొర దళసరి యైన కొలది బిగువులో దాగిన శక్తి హెచ్చును. స్థానభ్రంశమునకు వలయు శక్తి అంతగా హెచ్చదు. ఒక హద్దు దాటినచో బిగువును భరించుటకంటె లోపమును తెచ్చుకొనుటయే స్ఫటికమునకు చౌక. ఆ హద్దు సందిగ్ధ మందము. ఫ్రాంక్, వాన్ డెర్ మెర్వె 1949లో ఈ లెక్కకు పునాది వేసిరి.

లోపము అడుగునే ఉన్నచో హాని తక్కువ. కాని దాని కొనలు పొరగుండ పైకి సాగి విద్యుత్తుకు, వెలుతురుకు అడ్డు తగులును. ఎల్.ఇ.డి. దీపములకై నీలమణి పలకపై గాలియమ్ నైట్రైడ్ పొరను పెంచుదురు. వాని ఎడములలో తేడా నూటికి సుమారు 16 పాళ్లు! 1986లో జపానులో అకసాకి, అమానో నడుమ అల్యూమినియమ్ నైట్రైడ్ పలుచని పొరను పరచి చక్కని స్ఫటికమును సాధించిరి. నీలి దీపమునకుగాను వారికిని, నకమురాకును 2014లో నోబెల్ బహుమతి లభించెను.

విద్యార్థులారా! ఈసారి ఏటి ఒడ్డుకు పోయినపుడు కొలబద్దను వెంట గొనిపొండు. పలుచని ఒండ్రులో బీటలు దగ్గరగాను, దళసరి ఒండ్రులో ఎడముగాను ఉండునేమో కొలిచి చూడుడు. ప్రతి బీటయు ఒక బిగువు తీరిన గుర్తు.